గ్లూటెన్ లేని మార్ష్‌మాలో రైస్ ట్రీట్స్: ఏ సీరియల్ కొనాలి, ఏ మార్ష్‌మాలో వాడాలి, మన బొరుగులు పనికొస్తాయా

మా చిన్నోడికి సీలియాక్ అని, అంటే గోధుమ లాంటి గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు ఉందని, తేలిన కొత్తలో సంగతి ఇది. క్లాసులో ఎవరిదో బర్త్‌డే అయితే అందరికీ మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి కరిగించి రైస్ సీరియల్ కలిపి చేసే ఆ ముక్కలు పంచారంట, వీడొక్కడు నోట్లో పెట్టుకోకుండా న్యాప్‌కిన్‌లో చుట్టి బ్యాగులో వేసుకొచ్చి నా చేతిలో పెట్టాడు, "అమ్మా ఇందులో గోధుమ లేదు, రైసే, తినొచ్చా" అని. ఆరేళ్ల పిల్లాడు ఇంటిదాకా ఓర్చుకుని తెచ్చాడంటే కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. ఎవరు చేశారో ఏం వేశారో తెలీదు కాబట్టి అది వద్దురా, రేపు నేనే చేసిపెడతా అన్నా. రైసే కదా, ఇందులో ఏముంది అనుకున్నా.

మర్నాడు షాపుకెళ్లి కనపడ్డ రైస్ సీరియల్ (పొద్దున పాలల్లో వేసుకుని తినే కరకరలాడే బియ్యపు గింజలు) డబ్బా ఒకటి, మార్ష్‌మాలో ప్యాకెట్ ఒకటి, వెన్న తెచ్చా. స్టవ్ మీద మార్ష్‌మాలోలు కరిగాయి, సీరియల్ కూడా పోసేసి కలుపుతున్నా. అప్పటికి మా అత్తయ్య గారు ఇండియా నుంచి వచ్చి మూడు వారాలు, ఖాళీగా కూర్చోలేక ఆ డబ్బా తీసుకుని భూతద్దం పెట్టి ఒక్కో పదం కూడబలుక్కుంటూ చదువుతున్నారు. "అమ్మాయ్, ఇందులో మాల్ట్ కూడా వేశాడే, మంచిదేలే, మన రాగిమాల్ట్ లాంటిదేగా" అన్నారు. నా గరిటె అక్కడే ఆగిపోయింది. ఆ ట్రే మొత్తం మావారి ఆఫీసుకి పోయింది, అక్కడ పది నిమిషాల్లో ఖాళీ అంట. చిన్నోడికి ఆ రోజు అరటిపండే.

ఆ తర్వాత ఈ నాలుగేళ్లలో ఎన్ని ట్రేలు చేశానో లెక్కలేదు, చుట్టుపక్కల తెలుగువాళ్లు కూడా అడుగుతుంటారు ఏది కొనాలి ఏది కొనకూడదు అని, అందుకే తెలిసినదంతా ఒకచోట పెడుతున్నా. మొత్తం విషయం రెండు ప్రశ్నల్లో ఉంది. సీరియల్ దగ్గర ప్రశ్న ఆరోగ్యానిది, అక్కడ రాజీ లేదు. మార్ష్‌మాలో దగ్గర ప్రశ్న మీ ఇంట్లో ఏం తింటారు ఏం తినరు అన్నది, అది మీ ఇష్టం. జనం ఎక్కువగా దీన్ని తిరగేసి చేస్తారు, మార్ష్‌మాలోలో గ్లూటెన్ ఉందేమో అని గంటసేపు వెతికి సీరియల్ మాత్రం రైసే కదా అని బుట్టలో వేసేస్తారు, నాలాగే.

ముందు ఈ మాల్ట్ గోల తేల్చేద్దాం. మనకి మాల్ట్ అంటే రాగిమాల్టే గుర్తొస్తుంది, రాగులు మొలకెత్తించి ఆరబెట్టి పిండి పట్టించి జావ కాచుకునేది, అందులో గ్లూటెన్ లేదు. అమెరికాలో డబ్బా మీద ఉత్తినే మాల్ట్ అనో, మాల్ట్ ఫ్లేవర్ అనో, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అనో ఉంటే మాత్రం అది బార్లీ కిందే లెక్క. బార్లీ గింజల్ని అలాగే నానబెట్టి మొలకెత్తించి తీసేది. గ్లూటెన్ అంటే గోధుమలోనే కాదు, బార్లీలోనూ రై (ఆవాలు కాదు, గోధుమ లాంటి ఇంకో ధాన్యం) లోనూ ఉంటుంది. కెలాగ్స్ వాళ్ల రైస్ క్రిస్పీస్ ఉంది చూడండి, అసలు ఈ ట్రీట్స్‌కి పుట్టిల్లే అది, దాంట్లో బియ్యం, పంచదార, ఉప్పుతో పాటు మాల్ట్ ఫ్లేవర్ ఉంటుంది, కాబట్టి అమెరికాలో అమ్మే రైస్ క్రిస్పీస్ గ్లూటెన్ ఫ్రీ కాదు. కార్న్ ఫ్లేక్స్‌దీ అదే కథ, మొక్కజొన్నే కదా అని మోసపోకండి. 2011లో కెలాగ్స్ బ్రౌన్ రైస్‌తో గ్లూటెన్ ఫ్రీ రైస్ క్రిస్పీస్ అని తెచ్చింది కానీ తర్వాత ఆపేసింది, పాత రెసిపీల్లో ఇప్పటికీ ఆ డబ్బానే వాడమని రాసి ఉంటుంది, షాపుల్లో వెతుక్కోకండి.

ఇంకో చిక్కు ఉంది ఇక్కడ. అమెరికాలో ప్యాకెట్ వెనక అలర్జీ లైను ఒకటి బోల్డ్‌లో ఉంటుంది కదా, పాలు, గోధుమ, సోయా ఉన్నాయి అని చెప్పేది, చాలామంది అది ఒక్కటే చూసి గోధుమ లేదు అని కొనేస్తారు. ఆ లైనులో గోధుమ చెప్పాలని రూలు ఉంది గానీ బార్లీ చెప్పాలని లేదు. అంటే బార్లీ మాల్ట్ ఉన్న డబ్బా మీద కూడా ఆ లైను చూస్తే ఏ తేడా కనపడకపోవచ్చు. ఈ విషయంలో మన ఇండియా లేబులే నయం, అక్కడి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్స్‌లో గోధుమతో పాటు బార్లీ, రై, ఓట్స్ కూడా అలర్జెన్ల జాబితాలో ఉన్నాయి. కాబట్టి అమెరికాలో ఉన్నవాళ్లు చూడాల్సింది ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అన్న రెండు మాటలు. 2013లో ఇక్కడి ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన రూల్ ప్రకారం ఆ మాట రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే గ్లూటెన్ ఉండాలి. అన్నట్టు మాల్టోడెక్స్‌ట్రిన్ చూసి భయపడకండి, పేరులో మాల్ట్ ఉంది గానీ దానికీ బార్లీ మాల్ట్‌కీ సంబంధం లేదు, ఇక్కడ ఎక్కువగా మొక్కజొన్న నుంచి తీస్తారు. నేను మొదటి రెండు నెలలు దాన్ని కూడా వెలివేసి సగం సరుకులు షాపులోనే వదిలేసి వచ్చేదాన్ని.

సరే, సీరియళ్లు. అసలు రుచికి దగ్గరగా రావాలి, ధర కూడా తక్కువ ఉండాలి అంటే నా ఓటు మాల్ట్ ఓ మీల్ వాళ్ల క్రిస్పీ రైస్‌కి. నవ్వకండి. పేరులోనే మాల్ట్ ఉన్న కంపెనీ క్రిస్పీ రైస్ గ్లూటెన్ ఫ్రీ, పేరులో ఎక్కడా మాల్ట్ లేని రైస్ క్రిస్పీస్‌లో మాల్ట్! మా అత్తయ్య గారికి ఇది చెబితే ఆ ప్యాకెట్ పేరు చదివి ససేమిరా అన్నారు, వెనక ఇంగ్రెడియెంట్స్ చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. అయితే ఆ కంపెనీ వేరే సీరియళ్లన్నీ గ్లూటెన్ లేనివి అనుకోవద్దు, క్రిస్పీ రైస్ ప్యాకెట్ మీద కూడా ఆ మాట ఉందో లేదో ప్రతిసారీ చూసే కొనండి. స్టోర్ బ్రాండ్ల క్రిస్పీ రైస్ కూడా కొన్ని చోట్ల గ్లూటెన్ ఫ్రీయే దొరుకుతుంది, కొన్ని చోట్ల మాల్ట్ ఉంటుంది, పోయినసారి బాగుంది కదా అని ఈసారి చూడకుండా వేసుకోకండి, రెసిపీలు మారుస్తుంటారు.

బ్రౌన్ రైస్‌వి ఉన్నాయి, నేచర్స్ పాత్ వాళ్ల క్రిస్పీ రైస్, వన్ డిగ్రీ వాళ్ల మొలకెత్తిన బ్రౌన్ రైస్ క్రిస్ప్స్ లాంటివి. ఇవి నమ్మకంగా కొనొచ్చు, తీపి తక్కువ, కొంచెం వేయించిన వాసన వస్తుంది, పెద్దవాళ్లకి ఇవే నచ్చుతాయి. ధర మాత్రం గట్టిగానే ఉంటుంది, డబ్బా కూడా చిన్నది. ఇంకోటి, ఇవి మార్ష్‌మాలో తగిలాక తొందరగా మెత్తబడతాయి, పొద్దున చేస్తే సాయంత్రానికి ఆ కరకర తగ్గిపోతుంది, మా ఇంట్లో ఐతే రెండో రోజు ఎవరూ ముట్టరు. కాబట్టి చేసిన రోజే తినేసేలా అయితే ఇవి, లేకపోతే వద్దు.

పిల్లల ఓటు ఎప్పుడూ ఫ్రూటీ పెబుల్స్, కోకో పెబుల్స్‌కే. ఇవి కూడా బియ్యంతో చేసినవే, డబ్బా మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉంటుంది. ఫ్రూటీ అయితే రంగులు రంగులుగా ముక్కలు చూడ్డానికి హోలీ ఆడినట్టుంటాయి, బర్త్‌డేకి బాగుంటుంది, కానీ సీరియలే తీపి, దాని మీద మార్ష్‌మాలో ఇంకా తీపి, ఒక ముక్క తింటే నాకు పళ్లు జివ్వుమంటాయి. నేను సగం మామూలు క్రిస్పీ రైస్, సగం కోకో పెబుల్స్ కలుపుతా, పైన చిటికెడు ఉప్పు చల్లుతా, అది మాత్రం నేను కూడా రెండు ముక్కలు లాగించేస్తా.

రైస్ చెక్స్ కూడా గ్లూటెన్ ఫ్రీయే, కార్న్ చెక్స్ కూడా. చెక్స్ పేరుతో గోధుమవి కూడా ఉన్నాయి, డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి, తొందరలో చెయ్యి మారకుండా చూసుకోండి. చెక్స్ గదులు గదులుగా ఉంటుంది కాబట్టి మార్ష్‌మాలో లోపలికి దిగి పట్టుకుంటుంది, ముక్క కొరికితే కరకరలాడుతుంది గానీ అసలు ట్రీట్ లాగా సాగదు. చేత్తో కొంచెం నలిపి వేస్తే నయం.

ఓట్స్‌తో చేసినవి, అంటే చీరియోస్, లక్కీ చార్మ్స్ లాంటివి, వాటి గురించి ఎక్కువ అడుగుతారు. డబ్బా మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉన్నవి ఉన్నాయి. ఓట్స్‌లో సహజంగా గోధుమ గ్లూటెన్ ఉండదు గానీ పొలంలోనూ లారీల్లోనూ గోధుమ గింజలు కలిసిపోతుంటాయి, వాటిని ఏరి తీసేస్తారు. 2015 అక్టోబర్‌లో కాలిఫోర్నియాలోని లోడై ప్లాంట్‌లో గ్లూటెన్ ఫ్రీ ఓట్ పిండి బదులు గోధుమపిండి కలిసిపోయి 18 లక్షల చీరియోస్ డబ్బాలు వెనక్కి తీసుకున్నారు. అదీ గాక సీలియాక్ ఉన్నవాళ్లలో కొందరికి శుభ్రమైన ఓట్స్ కూడా పడవు. అందుకే ట్రీట్స్ కోసం బియ్యం సీరియల్ ఉండగా ఓట్స్ జోలికి పోవడం నా మట్టుకు అనవసరం. మీ డాక్టర్ ఓట్స్ ఓకే అంటే అది వేరే సంగతి.

ఇప్పుడు మార్ష్‌మాలో. ఇక్కడ గ్లూటెన్ భయం తక్కువ, మామూలు మార్ష్‌మాలో అంటే కార్న్ సిరప్, పంచదార, కార్న్ స్టార్చ్, జెలటిన్ (జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది), అంతే. నాకు అర్థమైనట్టు చెప్పాలంటే అది పంచదార పాకంలో గాలి కొట్టి జెలటిన్‌తో నిలబెట్టింది. కరిగిస్తే మళ్లీ పాకమే అవుతుంది, కాకపోతే తీగ పాకమా ఉండ పాకమా అని నీళ్లలో వేసి చూసే పని లేని పాకం, అందుకే 1939 నుంచి అమెరికా పిల్లలందరూ చేసేస్తున్నారు. ఆ ఏడాది మిచిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో కెలాగ్స్ కిచెన్‌లో పనిచేసే మిల్డ్రెడ్ డే, మలిట్టా జెన్సన్ అని ఇద్దరు ఆడవాళ్లు క్యాంప్ ఫైర్ గర్ల్స్ అనే ఆడపిల్లల సంఘం చందాల కోసం ఇది తయారుచేశారంట. మన దగ్గర చందాకి జంతికలు అమ్మినట్టు.

అసలు చిక్కు జెలటిన్. షాపులో మామూలుగా దొరికే పెద్ద బ్రాండ్ల మార్ష్‌మాలోల్లో ఎక్కువగా పంది జెలటిన్ ఉంటుంది. శాకాహారుల సంగతి చెప్పక్కర్లేదు, చికెన్ తినే ఇళ్లలో కూడా ఇది తెలిస్తే చాలామంది వద్దంటారు. జెట్ పఫ్డ్, క్యాంప్‌ఫైర్ రెండూ జెలటిన్‌వే. జెలటిన్ పర్లేదు అనుకుంటే క్యాంప్‌ఫైర్ ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాసే ఉంటుంది, ఇంకేం ఆలోచించక్కర్లేదు, కరగడంలో గానీ సాగడంలో గానీ జెలటిన్ మార్ష్‌మాలోని కొట్టేది లేదు, ఇది ఒప్పుకోవాల్సిందే. పంది వద్దు గానీ వేరేది పర్లేదు అంటే హలాల్ స్టోర్లలో బీఫ్ జెలటిన్‌వి దొరుకుతాయి, కోషర్ (యూదుల ఆచారం ప్రకారం చేసినవి) సెక్షన్‌లో చేప జెలటిన్‌వి దొరుకుతాయి, అవీ బాగానే కరుగుతాయి. చేపది అని తెలిసాక మా పెద్దది వాసన వస్తోంది అంది, చెప్పకముందు నాలుగు తిన్నది.

శాకాహారం అయితే డాండీస్. టాపియోకా సిరప్, పంచదార, సముద్రపు నాచు నుంచి తీసే క్యారజీనన్‌తో చేస్తారు, గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉంటుంది, సోయా ప్రొటీన్ ఉంటుంది కాబట్టి సోయా పడనివాళ్లకి కుదరదు. దీంతో నా మొదటి ప్రయత్నం ఘోరం. జెలటిన్ దానిలాగే సన్న సెగ మీద పెట్టి కలుపుతున్నా కలుపుతున్నా, కరగవే! అంచులు మెత్తబడి మధ్యలో ముద్దలు ముద్దలుగా ఉండిపోయాయి, ఓపిక పోయి మంట పెంచా, అడుగు మాడింది. తర్వాత తెలిసింది కిటుకు, వెన్న ఒక స్పూను ఎక్కువ వెయ్యాలి, ఒకట్రెండు స్పూన్ల నీళ్లు చల్లాలి, మూత పెట్టి రెండు నిమిషాలు వదిలెయ్యాలి, ఆ ఆవిరికి మెత్తబడ్డాక అట్లకాడతో గిన్నె అంచుకి వేసి నలిపినట్టు కలపాలి. పూర్తిగా నున్నగా అవ్వదు, చిన్న చిన్న తెల్ల ముద్దలు మిగిలినా పర్లేదు, సీరియల్‌లో కలిసిపోతాయి. ముక్క కొంచెం పొడిగా వస్తుంది, జెలటిన్ దానిలా దారాలు సాగవు. ధర కూడా దాదాపు రెట్టింపు. అయినా శాకాహారుల ఇంట్లో నేను చేసేది ఇదే.

గుడ్డు తినే శాకాహారులకి ఇంకో దారి ఉంది, చాలామందికి తెలీదు. మార్ష్‌మాలో ఫ్లఫ్ అని సీసాలో తెల్లటి క్రీమ్ దొరుకుతుంది, అందులో జెలటిన్ లేదు, కార్న్ సిరప్, పంచదార, గుడ్డు తెల్లసొన పొడి, వెనీలా, అంతే. 10 ఔన్సుల మార్ష్‌మాలోల బదులు ఏడున్నర ఔన్సుల చిన్న సీసా ఒకటి సరిపోతుంది. కరిగించే బాధే లేదు, వెన్నలో వేసి వేడెక్కించి కలిపెయ్యడమే. కాకపోతే ముక్కలు మెత్తగా, చేతికి అంటుకుంటూ ఉంటాయి, ఎండాకాలం డాలస్‌లో కారులో పెట్టి తీసుకెళ్తే అక్కడికి చేరేసరికి ముక్కలు కాదు ముద్ద. ఇంట్లో గిన్నెలో వేసుకుని స్పూన్‌తో తినడానికి అయితే సూపర్.

కొలతలు ఇవి: సీరియల్ 6 కప్పులు, మార్ష్‌మాలో 10 ఔన్సులు అంటే 283 గ్రాములు, వెన్న 3 టేబుల్ స్పూన్లు. 9 బై 13 అంగుళాల ట్రేలో పరిస్తే పల్చగా వస్తాయి, నాకు మందంగా ఇష్టం కాబట్టి 9 బై 9 లో వేస్తా. మార్ష్‌మాలోల్లో ఒక గుప్పెడు పక్కన పెట్టి, సీరియల్ కలిపాక చివర్లో వేస్తే అవి సగమే కరిగి అక్కడక్కడ తగులుతాయి, ఆ తగలడమే మజా.

వెన్న దగ్గర మన తెలుగు చెయ్యి పనికొస్తుంది. వెన్న కరిగించగానే మార్ష్‌మాలో వేసెయ్యకుండా, నెయ్యి కాచినట్టు కాచండి. నురుగు వస్తుంది, చిటపటలు తగ్గుతాయి, అడుగున మడ్డి లేత ఎరుపుకి తిరుగుతుంది, ఇంట్లో అందరూ ఏం చేస్తున్నావ్ అని వచ్చే వాసన వస్తుంది, సరిగ్గా అప్పుడు స్టవ్ ఆపెయ్యాలి, ఇంకో నిమిషం ఆగితే చేదు. అందులోనే మార్ష్‌మాలో వెయ్యాలి, ఆ వేడికే సగం కరిగిపోతాయి, మిగతా సగానికి సన్న సెగ చాలు. ఇంట్లో నెయ్యే ఉంటే నెయ్యితో కూడా చేసుకోవచ్చు, వెన్నలో నీళ్లు ఉంటాయి నెయ్యిలో ఉండవు కాబట్టి రెండున్నర స్పూన్లు చాలు, చిటికెడు ఉప్పు వెయ్యండి. ముక్క కాస్త గట్టిగా వస్తుంది గానీ రుచికి నాకైతే నెయ్యిదే. డబ్బాల్లో వచ్చే మెత్తటి మార్జరిన్ మాత్రం వాడకండి, నీళ్లెక్కువ, సీరియల్ నానిపోతుంది.

గట్టి రాళ్లలా వచ్చాయి అని అందరూ నన్ను అడిగే ఫిర్యాదు. రెండే కారణాలు. ఒకటి మంట ఎక్కువ, మార్ష్‌మాలోలో ఉన్న కాస్త తేమ పోయి పాకం ముదురుతుంది, మన పాకం ముదిరినట్టే. రెండోది ట్రేలో వేసి అరిసెలు ఒత్తినట్టు ఒత్తెయ్యడం. అసలు ఒత్తకూడదు, చేతికి వెన్న రాసుకుని సర్దినట్టు సర్దాలి, అంతే. ఫ్రిజ్‌లో కూడా పెట్టకండి, గట్టిపడతాయి. గాలి తగలని డబ్బాలో బయటే రెండు రోజులు బాగుంటాయి. ఎక్కువ చేస్తే మధ్యలో వ్యాక్స్ పేపర్ వేసి ఫ్రీజర్‌లో పెట్టి, తినే ముందు పావుగంట బయట ఉంచితే చాలు.

గిన్నెల సంగతి కూడా చూసుకోండి. అదే ఇంట్లో చపాతీలు చేస్తుంటే చపాతీ పిండి తగిలిన చెక్క గరిటె, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పాన్ దీనికి వాడొద్దు, చెక్క పీల్చుకుంటుంది, గీతల్లో పిండి ఉండిపోతుంది. మార్ష్‌మాలోకి ఎలాగూ సిలికాన్ అట్లకాడే కావాలి, మిగతాదానికి అంటుకుని చస్తుంది, చిన్నోడి కోసం ఎర్ర పిడిది ఒకటి విడిగా కొని దానికి వాడి పేరు రాశా.

ఇక మన బొరుగులు. కోస్తాలో మరమరాలు అంటాం, మావారిది అనంతపురం కాబట్టి ఇంట్లో బొరుగులు అనే నడుస్తుంది. ప్రతి తెలుగువాళ్లూ అడిగే ప్రశ్న, ఇండియన్ స్టోర్‌లో రెండు డాలర్లకి ఇంత ప్యాకెట్ బొరుగులు వస్తుంటే ఈ సీరియల్ ఎందుకు అని. నేనూ చేసి చూశా. బియ్యమే కాబట్టి గ్లూటెన్ లేదు, ఆ మాట నిజమే, విడిగా అమ్మేవి కాకుండా సీల్ ఉన్న ప్యాకెట్ తీసుకోండి, విడి వాటి పక్కనే కారప్పూస, గోధుమ అటుకులు అన్నీ ఒకే స్కూపుతో తీస్తుంటారు. కానీ ఆ సీరియల్‌కీ బొరుక్కీ తేడా ఉంది. సీరియల్ అంటే బియ్యాన్ని పంచదారతో ఉడికించి ఆరబెట్టి కాస్త అణిచి వేయించేది, దాని గోడ గట్టిగా ఉంటుంది. బొరుగు అలా కాదు, పూర్తిగా ఉబ్బిపోయి లోపలంతా గాలే, తేమ తగిలితే చప్పున మెత్తబడుతుంది. మార్ష్‌మాలోలో కలిపితే మొదటి అరగంట బాగుంటుంది, తర్వాత నములుతుంటే థర్మాకోల్ నమిలినట్టే. ముందు బాండీలో సన్న సెగ మీద ఐదారు నిమిషాలు, రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపితే పొడి అయ్యేదాకా వేయించి వేస్తే కొంత నయం, అయినా అసలు ట్రీట్ కాదు.

బొరుగులకి బెల్లమే జత. 4 కప్పుల బొరుగులకి ముప్పావు కప్పు బెల్లం, పావు కప్పు నీళ్లు, కరిగాక వడకట్టి, నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే గట్టి ఉండై గిన్నెకేసి కొడితే టంగుమనేదాకా పాకం, అందులో బొరుగులు, చెయ్యి తడి చేసుకుని వేడి మీదే ఉండలు కట్టెయ్యడం. జెలటిన్ లేదు, మాల్ట్ లేదు, లేబుల్ చదివే పనే లేదు, వారం పది రోజులు కరకరలాడతాయి. కానీ పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని చేసే వంట కాదు, ఆ పాకం చేతి మీద పడితే తోలు ఊడొస్తుంది, మార్ష్‌మాలోది అయితే చల్లారాక చిన్నోడే చేత్తో ట్రేలో సర్దుతాడు. పైగా, చెప్పాలంటే, క్లాసులో అందరూ తెల్లటి నలుచదరం ముక్క తింటుంటే వీడి డబ్బాలో బొరుగుల ఉండ పెట్టి అదీ ఇదీ ఒకటేరా అంటే పిల్లాడు వినడు. వాడికి కావాల్సింది అచ్చం అలాంటిదే. ఇంట్లో సాయంత్రం తినడానికి బొరుగుల ఉండ, స్కూల్ పార్టీకి మార్ష్‌మాలో, నా పద్ధతి ఇది.

ఎవరికి ఏది అని సూటిగా అడిగితే: స్కూల్‌కి పంపాలి, జెలటిన్ ఇబ్బంది లేదు అంటే గ్లూటెన్ ఫ్రీ అని రాసున్న తెల్ల క్రిస్పీ రైస్, క్యాంప్‌ఫైర్, కాచిన వెన్న. శాకాహారులైతే అదే సీరియల్, డాండీస్, నీళ్లు చల్లడం మర్చిపోకండి. పెద్దవాళ్లకి టీలోకి అయితే బ్రౌన్ రైస్, నెయ్యి, పైన ఉప్పు. బర్త్‌డేకి పెబుల్స్. వేరుశనగ వెన్న కలిపి చేసే రకం కూడా ఉంది గానీ స్కూళ్లలో వేరుశనగ అలర్జీ పిల్లలు ఉంటారు, ఇంటికే పరిమితం చేసుకోండి. ఇండియాలో ఉన్నవాళ్లు మార్ష్‌మాలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో గోధుమరంగు గుర్తు ఉందో చూస్తే జెలటిన్ సంగతి తెలిసిపోతుంది, సీరియల్ మాత్రం అక్కడ కూడా బార్లీ మాట వెతకాల్సిందే. అసలు ఇంకా టెస్టులు చేయించుకోకుండా అనుమానంతో గ్లూటెన్ మానేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు రక్తపరీక్ష చేయించుకోండి, మానేశాక చేస్తే సరిగ్గా తేలదు.

మా అత్తయ్య గారు మొన్న సంక్రాంతికి ఫోన్ చేసి, కొత్త ఇంగువ డబ్బా కొన్నారంట, దాంట్లో మైదా ఉందని భూతద్దంలో చదివి నాకు వాట్సాప్‌లో ఫొటో పెట్టారు, కింద "వీడికి ఇది కూడా పనికిరాదు" అని. నిజమే, చాలా ఇంగువల్లో గోధుమపిండో మైదానో కలుపుతారు. నా పోపుల డబ్బా పక్కనున్నదీ అదే రకం, లేచి వెళ్లి తీసి పడేసొచ్చా.